తేదీ తెలిస్తే చిత్రం దొరికినట్టే

పాప పుట్టినరోజుకి పైసా ఖర్చులేని కానుక ఒకటుంది. తను పుట్టిన రోజున నాసా వెబ్‌సైట్‌లో వచ్చిన ఖగోళ చిత్రం! రాబర్ట్ నెమిరాఫ్, జెర్రీ బానెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1995 జూన్ 16న 'రోజుకో ఖగోళ చిత్రం' మొదలుపెట్టారు. నక్షత్రమో, గ్రహణమో... ఏదో ఒక బొమ్మ, దాని కింద నాలుగు ముక్కల్లో వివరణ.

దీనికి ఫీడ్ ఉంది. పేపరబ్బాయి గుమ్మంలో పేపరు వేసినట్టు, కొత్త చిత్రం రాగానే మన కంప్యూటర్‌కి కబురందుతుంది. కాకపోతే అందులో ఉండేవి ఈమధ్య వచ్చిన కొన్నే. 2003లో పుట్టిన పాప చిత్రం కావాలంటే పాత పేజీ చిరునామా తెలియాలి.

ఆ చిరునామా తేదీలోనే ఉంది. ముందు 'ఏపీ' (ఆంధ్రప్రదేశ్ అనుకునేరు, ఆస్ట్రానమీ పిక్చర్!), తర్వాత సంవత్సరం, నెల, రోజు... రెండేసి అంకెలు. 2003 ఫిబ్రవరి 5 అయితే 030205. మధ్యలో ఒక్క సున్నా మరిచినా పేజీ రాదు.

ఇంట్లో పైథాన్ నేర్చుకుంటున్న పిల్లలుంటే పది, పదిహేను వరుసల స్క్రిప్టు రాయమనండి. ఇవాళ్టి తేదీ తీసుకుని, ఏడాది చొప్పున వెనక్కి వెళ్తూ, ఇదే తేదీన వచ్చిన చిత్రాల లింకులు తయారుచేసి సొంత ఫీడ్‌లో పెడుతుంది. ఫిబ్రవరి 29 నాడు మాత్రం నాలుగేళ్లకోసారే వెనక్కి వెళ్లాలి. 1995 జూన్ 17, 18, 19 తేదీల్లో అసలు చిత్రాలే లేవు, వాటిని దాటెయ్యాలి.

అసలు తికమక పొద్దున్నే వస్తుంది. హైదరాబాద్‌లో ఆరింటికి స్క్రిప్టు నడిపిస్తే ఇవాళ్టి లింకు తెరుచుకోదు. పిల్లాడు తన లెక్క తప్పిందేమోనని తల పట్టుకుంటాడు. తప్పు వాడిది కాదు, అమెరికాలో అప్పటికింకా నిన్నే! అక్కడి తూర్పు తీరంలో అర్ధరాత్రి దాటాక కొత్త బొమ్మ వస్తుంది. అంటే మనకు వేసవిలో ఉదయం 9.30, చలికాలంలో 10.30. తేదీని మన గడియారం నుంచి కాక అక్కడి గడియారం నుంచి తీసుకోమని స్క్రిప్టులో ఒక ముక్క చేర్చాలి.

ఇంకో సంగతి. సంవత్సరానికి రెండంకెలే కాబట్టి పేర్ల వరుసలో పేరిస్తే 2000 నాటి '00' వచ్చి 1995 కంటే ముందు కూర్చుంటుంది. అందుకే పేరును బట్టి కాక, పూర్తి తేదీని బట్టి పేర్చాలి. ఇక 2095 జూన్ 16 నాటి చిత్రానికి 950616 అనే పేరు పెడదామంటే, అది మొదటి చిత్రానికే ఇచ్చేశారు.