ఆ వంకర కుట్లు విప్పకండి

ఈ సెలవుల్లో పిల్లల చేత ఏం చేయించాలా అని తల పట్టుకునే అమ్మలకి ఒక మాట. వాళ్లతో కలిసి ఒక బొంత కుట్టండి. ఆడపిల్లతోనే అక్కర్లేదు, మగపిల్లాడితో కూడా. చొక్కా గుండీ ఊడితే భార్యని కేకేసే మగవాళ్లని తయారుచేస్తున్నది మనమేగా!

అమ్మమ్మవో నాయనమ్మవో పాత చీరలు రెండు చాలు. నూలువే కావాలి సుమా, పాలియెస్టర్ జారిపోతుంది. గంజి పోయేలా ఉతికి, అయిదున్నర మీటర్ల చీరని మూడు మడతలు వేస్తే పిల్లల పొడవుకి సరిపోతుంది. దానిమీద రెండోదీ అలాగే పరిస్తే ఆరు పొరలు. మూలకో పప్పు డబ్బా పెట్టి, నడిమధ్య నుంచి అంచులకి పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేసుకోవాలి. అంచు నుంచి మొదలెడితే మధ్యలో బుడగలా ఉబ్బుతుంది. బెంగాల్ ఆడవాళ్లు పాత చీరల అంచుల్లోంచే రంగు దారాలు లాగి కాంథాలు కుట్టేవారు. ఆ దారం లాగే పని పిల్లలకి భలే సరదా.

చిక్కంతా మనతోనే. పిల్లాడు నిద్రపోయాక వాడి వంకర కుట్లు విప్పి, తీరుగా మళ్లీ వేసేదాకా మన చేతులు ఊరుకోవు. వద్దు. పొద్దున లేచి వాడు తన వరస కోసం వెతుక్కుంటాడు. కనబడకపోతే మళ్లీ సూది ముట్టడు, ఎవరడిగినా 'నాకు రాదు' అంటాడు. తీరైన కుట్టు బజార్లోనూ దొరుకుతుంది. ఎనిమిదేళ్లప్పుడు వేసిన కుట్టు పన్నెండేళ్లప్పుడు వెయ్యమన్నా వెయ్యలేడు. ఓ మూల పేరూ, తారీఖూ వాడి చేతే కుట్టించండి. అక్షరం తిరగబడినా సరే.