వేసవిలో చిన్న పాలీహౌసు: యంత్రమునకు ముందు గాలికి దారి

మన సంఘపు గ్రామములందు కూరగాయల నారు పెంచుటకై ప్లాస్టిక్ కాగితము కప్పిన చిన్న పాలీహౌసులు వేసికొనిన రైతులు ఇటీవల పెక్కురు కలరు. వానకాలమునను శీతకాలమునను ఇవి మిక్కిలి ఉపకరించుచున్నవి. చిక్కెల్ల వేసవిలోనే. రోహిణి కార్తెలో రోళ్ళు పగులునని పెద్దలు చెప్పుదురు. ఆ యెండలో నాలుగు ప్రక్కల మూసిన ప్లాస్టిక్ కప్పు క్రింద ఒక్క మధ్యాహ్నముంచిన టమాట నారు ఏమగునో వేరుగ చెప్పనక్కరలేదు. ఇట్లు నష్టపడిన రైతు మరుసటి యేట సంఘమునకు వచ్చి, పెద్ద ఫ్యానులకును, నీరు పీల్చు అట్టల గోడకును, అనగా కూలింగు ప్యాడునకును, అప్పు కోరుచున్నాడు.

ఈ యప్పు ఇయ్యవచ్చునా యనునదే ఇచ్చట ముచ్చటింపదలచిన విషయము. నా యభిప్రాయమును ముందుగనే చెప్పెదను. గాలికి దారియు పైన నీడయు ఏర్పడని యింటికి యంత్రము కొనుటకై సంఘము ఒక్క రూపాయియైనను అప్పు ఇయ్యరాదు. ఆ రెండును ఏర్పడిన పిమ్మట సముద్రతీర గ్రామములలో ఆ యంత్రముతో పని అంతగా ఉండదు. మెట్ట ప్రాంతములలో కొందరికి మాత్రము అది అక్కరకు రావచ్చును.

ఇట్టి యిల్లు ఏల కాగునో మొదట తెలిసికొనవలయును. ఎండను లోనికి రానిచ్చి వేడిమిని బయటకు పోనీయకుండుటచే లోపల వేడెక్కునని సాధారణముగ చెప్పుదురు. అది కొంతవరకే నిజము. 1909 సంవత్సరమున అమెరికా దేశపు భౌతికశాస్త్రజ్ఞుడు ఆర్. డబ్ల్యు. వుడ్ రెండు చిన్న పెట్టెలను తీసికొని, ఒకదానికి గాజు పలకను, రెండవదానికి వేడిమి కిరణములను సైతము సాగనిచ్చు రాతియుప్పు పలకను మూతగ పెట్టి ఎండలో ఉంచి చూచెను. రెండు పెట్టెలును దాదాపు సమానముగనే కాగినవి. కాగుటకు ముఖ్యకారణము మూతలోని గుణము కాదనియు, లోపల కాగిన గాలి పైకి పోలేక చిక్కుకొనుటయే యనియు దీనివలన తేలినది. కావున మన మొదటి పని ఆ గాలిని విడిచిపెట్టుట.

వేడిమి ఎంతయో లెక్కగ చూచిన ఇంకను బోధపడును. 33 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు గల యిల్లు సుమారు 60 చదరపు మీటర్లుండును. మే మాసపు మధ్యాహ్నమున చదరపు మీటరు నేలపై దాదాపు 900 వాట్ల ఎండ పడును. మొత్తము 54 కిలోవాట్లు. ప్లాస్టిక్ గుండ లోనికి వచ్చునది ఇంచుమించు 40 కిలోవాట్లని యనుకొందము. పట్టణములలో గదులకు పెట్టుకొను ఒకటిన్నర టన్నుల ఏసీ యంత్రము తీసివేయగలిగినది 5 కిలోవాట్లకు కొంచెము పైగ మాత్రమే. ఇంటిలో వాడుకొను చిన్న కూలరు తెచ్చి మూలన పెట్టిన ఈ వేడిమి తీరునా? ఆ కూలరు ముందు నాలుగు ట్రేల నారు సుఖముగ నుండును, తక్కిన నారు మాడును.

అదే యింటిపై సగము వెలుతురును ఆపు 50 శాతపు షేడ్‌నెట్టు పరచినచో, ఆ 40 కిలోవాట్లలో సగము అసలు లోనికే రాదు. వచ్చిన వేడిని తరుముటకంటె రానీయకుండుట చౌక. అయితే నెట్టు కట్టుటలో పలువురు పొరపడుచున్నారు. కట్టుట సులభమని ప్లాస్టిక్ క్రింద, లోపలి తీగలకు కట్టుచున్నారు. లోపలి నెట్టు ఎండను మ్రింగి తాను కాగి ఆ వేడిని లోపలనే విడుచును. నల్లని నెట్టైనచో మరియు హెచ్చు. నెట్టు ప్లాస్టిక్‌నకు పైన, అడుగున్నర ఎత్తున, నడుమ గాలి పారునట్లు కట్టవలెను. తెల్లని నెట్టు దొరకినచో అదియే మేలు. త్రాడు లాగిన తెరచుకొని మూసికొనునట్లు అమర్చుకొనుట మంచిది. ఏలయన, ప్రొద్దుటను సాయంకాలమునను, మబ్బు పట్టిన దినములందును నీడ క్రిందనే యుంచిన నారు పాలిపోయి సన్నగ సాగును. అట్టి నారు పొలములో నాటిన నిలువదు.

నెట్టు కొనుటకు డబ్బు చాలనివారు కొబ్బరి మట్టలో, తాటాకులో పరచుకొనవచ్చును. తమలపాకు తోటలవారు అవిసె చెట్ల నీడన తీగలను కాపాడుట మన తాతల నాటినుండి ఉన్నదే. ఆ రైతునకు గ్రీన్‌హౌసు అను మాట తెలియకపోవచ్చును గాని, నీడ పైన, గాలి ప్రక్కల అను సూత్రము మనకంటె చక్కగ తెలియును. మరియు ప్లాస్టిక్ ఇనుప గొట్టములను తాకు చోట్ల గొట్టములకు తెల్ల రంగు వేయవలయును. కాగిన గొట్టమును తాకినచోటనే కాగితము ముందుగ చిరుగును.

ఇక గాలికి దారి. కాగిన గాలి పైకెగయును గాన కప్పు కొనయందు పొడుగునను ఒక తెరపి ఉండవలెను. చల్లని గాలి వచ్చుటకు ప్రక్కల క్రింది భాగములు చుట్టి యెత్తునట్లుండవలెను. ప్రక్కలు మాత్రమే తెరచి కొన మూసిన యిల్లు పొగగొట్టము లేని వంటయిల్లు వంటిది. ఈ తెరపులన్నియు కలిసి నేల వైశాల్యములో అయిదవ వంతునకు తక్కువ కారాదు. మన ఉదాహరణపు యింటికి సుమారు 130 చదరపు అడుగులు. ఇల్లు ఎంత ఎత్తుగ నున్న అంత మేలు. మనిషి తలకు తగులునంత పొట్టిగ కట్టిన ఇండ్లలో గాలి తక్కువగుటచే ఉదయము తొమ్మిది గంటలకే కుంపటి యగును.

దీనికి రైతు సోదరులు చెప్పు ఆక్షేపణ న్యాయమైనదే. తెరచిన తెల్లదోమ వచ్చును, తెల్లదోమతో టమాటకు ఆకుముడత వైరసు వచ్చును. అందులకే 40 మెష్ పురుగుల వల తెరపులకు బిగింపవలెను. కాని ఆ వల పురుగుతోపాటు గాలిని కూడ అడ్డగించునని మరువరాదు. వల కట్టినవారు తెరపును రెండింతలు పెద్దది చేయవలయును. వలకు పట్టిన దుమ్మును వారమునకొకసారి నీటితో కడుగవలయును. చాలమంది వల కట్టుదురు, తెరపు పెంచరు, పిమ్మట ఇల్లు కాగుచున్నదని ఫ్యాను కొందురు.

వడగాలి వీచు దినములలో పడమటి ప్రక్క తెరచినచో నారు ఒక గంటలో వాడును. ఆ ప్రక్కకు తడిపిన గోనెపట్టాలు గాని వట్టివేళ్ళ తడకలు గాని వ్రేలాడదీసి, తక్కిన ప్రక్కలు తెరచి యుంచవలెను. కూలింగు ప్యాడు అనునది కూడ ఈ వట్టివేళ్ళ తడకయే. ఫ్యాను ఒకటి తోడైనది, అంతే.

ఇప్పుడు అప్పు విషయము. తడి ఆరుటచే గాలి చల్లబడుటకు ఒక హద్దు కలదు. గాలిలో ఇదివరకే తేమ హెచ్చుగ ఉన్నచో నీరు ఆరదు, ఆరనిచో చల్లదనము లేదు. అనంతపురము వంటి చోట మధ్యాహ్నము 40 డిగ్రీల వేడియు 20 శాతము తేమయు ఉన్నదనుకొందము. మంచి ప్యాడు గాలిని 12, 13 డిగ్రీలు చల్లబరచగలదు. బందరు, బాపట్ల ప్రక్కన 36 డిగ్రీల వేడియు 60 శాతము తేమయు ఉన్నచో అదే ప్యాడు, అదే ఫ్యాను, అదే కరెంటు ఖర్చుతో చల్లబరచునది 5 డిగ్రీలు. అమ్మువాడు ఈ రెండు ఊళ్ళకును ఒకే ధర చెప్పును. పైగా ఇట్టి ఇల్లు ఫ్యాను కొరకై నలుదిక్కుల బిగించి మూయబడి యుండును. మధ్యాహ్నము రెండు గంటలకు కరెంటు పోయినచో అర గంటలో లోపలి నారంతయు పోవును. తెరపులు గల యింటికి ఆ భయము లేదు.

ఎవరి ఊరిలో ఎంత చల్లబడునో కొనకముందే తెలిసికొనుటకు సులభమైన యుపాయము కలదు. రెండు ఉష్ణమాపకములను నీడలో, గాలి తగులుచోట వ్రేలాడదీసి, ఒకదాని బుడ్డికి పలుచని తడిగుడ్డ చుట్టి విసనకఱ్ఱతో కొంతసేపు విసరవలెను. రెండిటి నడుమ కనబడు తేడాలో ముప్పాతిక వంతు మాత్రమే ప్యాడు ఇయ్యగలదు. తేడా 18 డిగ్రీలున్న ఊరివాడు అప్పు కోరవచ్చును. 7 డిగ్రీలున్న ఊరివాడు ఆ సొమ్ముతో మంచి షేడ్‌నెట్టు కొనుక్కొనుట మేలు.

నీరు పెట్టుటలో రెండు మాటలు. ఎండలో పడియున్న నల్లని పైపులో నిలిచిన నీరు చేయి కాల్చునంత కాగియుండును. దానిని ముందు బయట పారబోసి పిదప నారునకు పట్టవలెను. సూర్యోదయ సమయమున తడుపుట ఉత్తమము. ప్రొద్దు గ్రుంకిన పిమ్మట తడిపి మూసిన యింటిలో నారుకుళ్ళు తెగులు తప్పదు.

మే మాసమున నారు పని లేనివారు ఇల్లు చల్లబరచుటకు పాటుపడనే అక్కరలేదు. వారికి ఆ వేడియే కూలి లేని పనివాడు. మళ్ళను దున్ని, బాగుగ తడిపి, పలుచని పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితమును నేలకు అంటునట్లు పరచి, ఇల్లంతయు మూసి నాలుగు నుండి ఆరు వారములు విడిచిపెట్టినచో, నేలలోని తెగుళ్ళ శిలీంధ్రములును, వేళ్ళకు బుడిపెలు కలిగించు నులిపురుగులును, కలుపు గింజలును చాలవరకు నశించును. ఇజ్రాయేలు దేశమున కాటన్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును 1976లో ఈ పద్ధతిని లోకమునకు వెల్లడించిరి. మందులకు పెట్టు ఖర్చు దీనివలన ఎంత తగ్గునో చేసినవారికే తెలియును.

కావున సంఘ పాలకవర్గము వారికి నా మనవి యిది. తడి, పొడి ఉష్ణమాపకముల జతలు రెండు కొని కార్యాలయమున ఉంచవలెను. అప్పు కోరిన సభ్యుడు వానిని తీసికొనిపోయి, మే మాసములో ఒక వారము ప్రతిదినము మధ్యాహ్నము రెండు గంటలకు తన యింటివద్ద చూచిన అంకెలను దరఖాస్తుతో జతపరచవలెను. కప్పు కొనయందలి తెరపియు, పై నెట్టును ఉన్నవో లేవో కార్యదర్శిగారు స్వయముగ చూచి వ్రాయవలెను. నెట్టులకును వలలకును ఇచ్చు అప్పు మాత్రము ఈ షరతు లేకయే, ఉగాదికి ముందుగనే ఇచ్చినచో రైతు ఎండలు ముదరకమునుపు కట్టుకొనగలడు.