వీరుల బొమ్మలు

బొమ్మ పసిపిల్లల ఆటవస్తువు మాత్రమేనని మనలో చాలామంది అభిప్రాయం. ఈడు వచ్చినవారు బొమ్మలు కొని దాచుకొంటే దానిని చాపల్యమని నవ్వుతాం. కాని ఏ జాతి బొమ్మలను పరిశీలించినా ఆ జాతి ఎవరిని వీరులుగా భావించిందో, ఏ గుణాన్ని మెచ్చుకొన్నదో తెలుస్తుంది. శాసనం రాజు చెప్పించిన మాటను వినిపిస్తుంది. బొమ్మ బాలుడు మెచ్చిన వీరుణ్ణి చూపిస్తుంది. అందుచేత బొమ్మలను సేకరించేవారి అభిరుచిని సానుభూతితో పరిశీలించడం అవసరం.

చేతులు, కాళ్లు, మెడ కీళ్ల వద్ద కదిలేటట్లు చేసిన వీరుల బొమ్మలను 'యాక్షన్ ఫిగర్లు' అంటారు. 1964లో అమెరికాకు చెందిన హాస్‌బ్రో సంస్థ 'జి.ఐ. జో' అనే సైనికుని బొమ్మను విడుదల చేసినప్పుడు ఈ పేరు ప్రచారంలోకి వచ్చింది. 1959లో వచ్చిన బార్బీ బొమ్మ అప్పటికే ఆడపిల్లల మనసు దోచుకొన్నది. బొమ్మ అంటే మగపిల్లలు సిగ్గుపడి కొనరేమోనని వ్యాపారులు ఈ కొత్త పేరును ఆశ్రయించారు. ఆ సైనికుని ఎత్తు దాదాపు 12 అంగుళాలు.

1977లో 'స్టార్ వార్స్' చలనచిత్రం విడుదల కావడంతో ఈ బొమ్మల చరిత్ర మలుపు తిరిగింది. పిల్లలు బొమ్మలు కావాలని పట్టుబట్టారు. క్రిస్మస్ పండుగ నాటికి అవి సిద్ధం కాలేదు. అప్పుడు కెన్నర్ సంస్థ, బొమ్మలను తరువాత పంపుతామనే హామీపత్రాన్నే అమ్మింది! 1978లో వెలువడిన ఆ బొమ్మల ఎత్తు 3.75 అంగుళాలే. బొమ్మ చిన్నది కావడం వల్ల దానికి తగిన వాహనాలను కూడా అమ్మే వీలు కలిగింది. 1982లో హీ-మాన్ పరివారం, 1984లో వాహనాలుగా మారే ట్రాన్స్‌ఫార్మర్లు వచ్చాయి. మన దేశంలో 1987లో ఏర్పడిన ఫన్‌స్కూల్ సంస్థ జి.ఐ. జో బొమ్మలను తయారుచేసింది. వాటిలో కొన్నింటి రంగులు అమెరికా బొమ్మల రంగులకు భిన్నంగా ఉండటంతో, విదేశీ సేకర్తలు నేటికీ వాటిని వెదకి కొంటున్నారు. 1997లో దూరదర్శన్‌లో ప్రారంభమైన 'శక్తిమాన్', 2008లో హైదరాబాదులోని సంస్థ నిర్మించిన 'ఛోటా భీమ్' మన పిల్లలకు మన దేశపు వీరులను ఇచ్చాయి.

సేకర్తలకు వీటిపై ఇంత మక్కువ ఎందుకు? నాకు మూడు కారణాలు కనిపిస్తున్నాయి. మొదటిది జ్ఞాపకం. బాల్యంలో చేజారిన బొమ్మ నడివయసులో దొరికితే ఆ కాలమే తిరిగి చేతికందినట్లు అనిపిస్తుంది. రెండవది జ్ఞానం. నిజమైన సేకర్త తన బొమ్మ ఏ సంవత్సరంలో, ఏ అచ్చులో, ఏ దేశంలో తయారైనదో చెప్పగలడు. తాళపత్ర ప్రతులను పోల్చి పాఠాన్ని నిర్ణయించే పరిష్కర్త శ్రమకు, ఇతని శ్రమకు పోలిక ఉంది. మూడవది అపురూపత. స్టార్ వార్స్ వీరులలో బోబా ఫెట్ అనే పాత్రకు వీపు నుండి చిన్న క్షిపణి దూసుకుపోయేటట్లు ఒక నమూనా చేశారు. పిల్లలు దానిని మింగే ప్రమాదం ఉందని ఆ ఏర్పాటును విరమించారు. అంగళ్లకు రాని ఆ నమూనాలలో ఒకటి 2024లో జరిగిన వేలంలో 5 లక్షల డాలర్లకు పైగా పలికింది.

మొదటి రెండు కారణాలు గౌరవించదగినవి. మూడవది ఒక్కటే మిగిలితే సేకరణ వ్యాపారమవుతుంది. పెట్టె తెరవకుండా, ధర పెరుగుతుందని దాచిన బొమ్మ భూమిలో పాతిన లంకెబిందె వంటిది. బొమ్మకు ప్రాణం కథ. కథ తెలిసినవారు ఉన్నంతకాలమే దానికి విలువ ఉంటుంది.

ఈ దృష్టితో చూస్తే తెలుగువారు బొమ్మల విషయంలో ఎవరికీ తీసిపోరు. తోలుబొమ్మలాట ప్రసక్తి పాల్కురికి సోమనాథుని 'పండితారాధ్య చరిత్ర'లోనే ఉంది. నిమ్మలకుంట కళాకారులు మేకతోలుతో చేసే రాముడు, రావణుడు, హనుమంతుడు కీళ్ల వద్ద కదులుతారు, పోరాడతారు, దీపపు వెలుగులో నడుస్తారు. అమెరికాలో జి.ఐ. జో పుట్టడానికి ఎన్నో శతాబ్దాల ముందే మనకు కదిలే వీరబొమ్మలున్నాయన్నమాట. కొండపల్లి కళాకారులు తెల్లపొణికి కర్రతో దశావతారాలను మలిచారు. సంక్రాంతికో దసరాకో బొమ్మలకొలువు పెట్టే మన గృహిణులు గొప్ప సేకర్తలు. ఏటేటా ఒక కొత్త బొమ్మను చేర్చి, తల్లి దాచినదానిని కూతురు అందుకొని, పేరంటానికి వచ్చినవారికి ఒక్కొక్క బొమ్మ కథ చెప్పడం వారి ఆచారం. సేకరణకు ఇంతకంటే ఉత్తమమైన పద్ధతి ఏముంటుంది?

ఇక పల్నాటి సీమలోని కారంపూడిని చూద్దాం. 12వ శతాబ్దంలో పల్నాటి యుద్ధం జరిగిన చోటు ఇది. నాగులేరు ఒడ్డున ఉన్న ఈ ఊరిలో ఏటా కార్తిక అమావాస్య నాడు మొదలై 5 రోజులపాటు వీరుల ఉత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అనే ఘట్టాలతో యుద్ధగాథ మళ్లీ కళ్లకు కడుతుంది. ఆచారవంతులు దూరప్రాంతాల నుండి 'కొణతాలు' అనే వీరుల ఆయుధాలను భక్తితో మోసుకొని వస్తారు. బ్రహ్మనాయుని నృసింహకుంతం, కన్నమదాసు భైరవఖడ్గం ఇక్కడ ఆ వీరులకు ప్రతిరూపాలు. చేతిలోని చిన్న కత్తి పోయిన బొమ్మకు సేకర్తల వద్ద సగం విలువ కూడా ఉండదు. కారంపూడిలోనో, మనిషి పోయినా ఆయుధం నిలిచి వీరుణ్ణి గుర్తుచేస్తున్నది. ఆ ఆయుధంతోపాటు కథను వీరవిద్యావంతులు పాటగా మోసుకొచ్చారు. శ్రీనాథునిదిగా చెప్పే 'పల్నాటి వీరచరిత్ర'ను అక్కిరాజు ఉమాకాంతంగారు 1911లో పరిష్కరించి ప్రకటించారు. ఇవన్నీ సేకరణలే.

ఇంత సంపద ఉన్న ఈ సీమ పిల్లలు పరదేశపు వీరుల పేర్లన్నీ వల్లెవేస్తూ, కన్నమదాసు ఎవరని అడిగితే తెల్లబోతే ఆ లోపం పిల్లలది కాదు. వారి చేతికి మనం అందించింది ఏమిటి? తెల్లపొణికి చెట్టు తగ్గిపోతున్నది. తోలుబొమ్మలాడించే కుటుంబాలు దీపపుసెమ్మెలు, గోడపటాలు చేసి పొట్టపోసుకొంటున్నాయి. ఈ కళాకారుల చేత పల్నాటి వీరుల బొమ్మలను చేయించి, ఒక్కొక్క బొమ్మతో దాని కథను రెండు పుటలలో అచ్చువేసి ఇస్తే కళ బతుకుతుంది, కథ నిలుస్తుంది.

పూజనీయులైన వీరులను ఆటబొమ్మలుగా చేయవచ్చునా అని కొందరు శంకించవచ్చు. కొలువులో దేవుళ్లనే బొమ్మలుగా నిలిపిన మనకు ఈ శంక తగదు. యుద్ధవీరుల బొమ్మలు పిల్లలలో హింసను రేపవా అన్నది ఇంకా బలమైన ప్రశ్న. కథ లేకుండా కత్తి ఒక్కటే ఇస్తే రేపవచ్చు. కాని పల్నాటి కథ విజయగాథ కాదు; దాయాదుల పోరులో ఒక తరమంతా నశించిన శోకగాథ. బొంగరాలాడుతూ ఒక స్త్రీ నిందకు గురై రణరంగానికి వెళ్లిన బాలచంద్రుడు తిరిగి రాలేదు. కత్తి పక్కన బొంగరం కూడా ఉన్న బాలచంద్రుని బొమ్మను చూసిన పిల్లవానికి యుద్ధం ఏమి హరిస్తుందో అర్థమవుతుంది. అన్ని కులాలవారినీ ఒకే పంక్తిలో కూర్చుండబెట్టి చాపకూడు తినిపించిన బ్రహ్మనాయుడు, ఆయన పుత్రునిగా స్వీకరించిన కన్నమదాసు పక్కపక్కనే కూర్చున్న బొమ్మ చేస్తే, అది ఏ ఆయుధమూ లేని వీరబొమ్మ అవుతుంది. పంచుకొని తినడం కూడా పరాక్రమమేనని అది బోధిస్తుంది.

విద్యార్థులారా! మీలో ఎవరికైనా బొమ్మలు సేకరించే అలవాటు ఉంటే దానిని దాచుకోనక్కరలేదు. మీ ఇంటి అటక మీద పాత బొమ్మ ఉంటే దించి దుమ్ము దులపండి. అది ఎవరు చేశారో, ఎవరు కొన్నారో, దాని కథ ఏమిటో మీ అమ్మమ్మను, నాయనమ్మను అడిగి ఒక కాగితం మీద వ్రాసి దానితోనే ఉంచండి. బొమ్మ విరిగితే అతికించవచ్చు. చెప్పేవారు పోయాక కథను అతికించలేము.