గస్తీ నౌకకు ఆయుష్షు ఎక్కడుంది?

వేటకు వెళ్ళిన పడవ తుపానులో చిక్కుకుంటే ఒడ్డున ఉన్నవారి ఆశ అంతా తీరరక్షక దళం నౌక మీదే. ఆ నౌక ఎంత వేగంగా పోతుందన్నది ఒక ప్రశ్న. ఎన్నేళ్ళు నమ్మకంగా పనిచేస్తుందన్నది అంతకంటే పెద్ద ప్రశ్న.

విశాఖపట్నంలోని హిందూస్థాన్ షిప్‌యార్డు ఈ దళం కోసం 'రాణి అబ్బక్క' తరగతి గస్తీ నౌకలు ఐదింటిని నిర్మించింది. ఒక్కొక్కటి 51 మీటర్ల పొడవు. గంటకు 34 నాటికల్ మైళ్ళు, అంటే దాదాపు 63 కిలోమీటర్ల వేగంతో పోగలవు. వీటికి ప్రొపెల్లర్లు లేవు. నీటిని లోనికి పీల్చి వెనక్కు చిమ్మే వాటర్‌జెట్లే వీటిని నడుపుతాయి. అందువల్ల లోతు తక్కువ ఉన్న తీరంలోనూ తిరగగలవు. మొదటి నౌక 2012 జనవరిలో దళంలో చేరింది. ఇప్పటికి పదేళ్ళు దాటాయి.

నౌక పాతబడితే ఇంజన్ మార్చవచ్చు. కానీ అసలు ఆయుష్షు దాని అడుగున, పక్కల ఉండే రేకులోనే ఉంది. ఉప్పునీరు ఆ రేకును తినేస్తుంది. అలలు దాన్ని పైకీ కిందికీ వంచుతూనే ఉంటాయి.

ఈ సంగతి మరచినందుకు అమెరికా భారీ మూల్యం చెల్లించింది. అక్కడి తీరరక్షక దళం 1992 నాటికి 110 అడుగుల గస్తీ నౌకలు 49 సమకూర్చుకుంది. వేగం కోసం వాటికి పల్చని రేకు వాడారు. అవి పాతబడ్డాక, వెనుక భాగం నుంచి చిన్న పడవను దించే ఏర్పాటు కోసం ఒక్కొక్కదాన్ని 13 అడుగులు పొడిగించాలని తలపెట్టారు. మందం పెంచకుండా దూలం పొడవు పెంచితే అది మరింత వంగుతుందని ఏ వడ్రంగి అయినా చెబుతాడు. అక్కడా అదే జరిగింది. పొడిగించిన మొదటి నౌక 'మాటగోర్డా' 2004 సెప్టెంబరులో తుపానును తప్పించుకుని పోతుండగా దాని రేకు ముడతలు పడింది. పొడిగింపును ఎనిమిదింటితో ఆపేశారు. 2006 నవంబరులో ఆ ఎనిమిదింటినీ సేవల నుంచి తొలగించారు. సుమారు 10 కోట్ల డాలర్లు వృథా అయ్యాయి. ఆ లోటు తీర్చేందుకు తలపెట్టిన 154 అడుగుల కొత్త నౌకల్లో మొదటిది 2012లో గానీ రాలేదు.

పొడిగించని 41 నౌకల్లో పలు నౌకలకు అరిగిన రేకులు మార్చి, యంత్రాలు బాగుచేసి మరికొన్నేళ్ళు నడిపారు. అంటే మరమ్మతు తప్పు కాదు. నౌక మోయలేని భారాన్ని దానిపై మోపడమే తప్పు.

మన తీరానికి ఇందులో ఒక హెచ్చరిక ఉంది. విశాఖలో కట్టిన ఐదింటిలో చివరిది 2018 జూన్‌లో చేరింది. మొదటిదానికీ చివరిదానికీ మధ్య ఆరేళ్ళకు పైగా పట్టింది. కొత్త నౌక రావడానికి ఇంత కాలం పడుతుంది కనుక, పాతది మూలపడ్డాక ఆలోచిస్తే లాభం లేదు. నౌకను డాకు ఎక్కించిన ప్రతిసారీ రేకు మందం కొలిచి, ఇంకా ఎన్నేళ్ళు నడుస్తుందో లెక్కకట్టి, ఆ గడువు తీరకముందే బదులు నౌకకు ఆర్డరు ఇవ్వాలి. రేవులో ఎన్ని నౌకలున్నాయన్నది కాదు, తుపాను రోజున ఎన్ని బయలుదేరగలవన్నదే మత్స్యకారుడికి కావలసిన లెక్క.