ఆత్మరక్షణాయుధములందు పరాయి విడిభాగములు

బళ్ళారి, హోసూరు, బరంపురము వంటి పట్టణములలో తరతరములుగా వర్తకము సాగించుచున్న మన కుటుంబములలో లైసెన్సుపై రివాల్వరో పిస్తోలో ఉంచుకొనువారు కొందరు కలరు. ప్రొద్దుగ్రుంకిన పిదప రొక్కముతో ఇల్లు చేరవలసిన వారికి అది ధైర్యము. అట్టి సోదరులకు ఒక మాట విన్నవింపదలచితిని.

తయారీదారు అమర్చిన భాగములను తీసివేసి, ఇతరులు చేసిన స్ప్రింగులు, ట్రిగ్గర్లు, పిడులు వేయించుకొను వేడుక కొందరిలో కానవచ్చుచున్నది. ప్రాణరక్షణకై ఉంచుకొన్న ఆయుధమునందు ఈ వేడుక తగదని నా అభిప్రాయము.

కాన్పూరులో తయారగు .32 రివాల్వరునే తీసుకొందము. ట్రిగ్గరు లాగినపుడు తూటాల చక్రము తిరుగును, సుత్తి వెనుకకు లేచును, దాని స్ప్రింగు అణగును. ఆ స్ప్రింగు విడివడి సుత్తిచే కొట్టించిన దెబ్బకే తూటా అడుగుననున్న ప్రైమరు మండును. కనుక వ్రేలికి తోచు బరువులో అధికభాగము ఆ స్ప్రింగు బలమే. మెత్తని స్ప్రింగు వేసినచో వ్రేలికి హాయియే. కాని దెబ్బ సన్నగిల్లును. ప్రైమరు గట్టిగానున్న తూటా తగిలిననాడు టక్కుమను చప్పుడే తప్ప గుండు వెలువడదు. పది తూటాలు పేలినవని పదునొకండవది పేలునను పూచీ యెవరిది? ట్రిగ్గరు మితిమీరి తేలికయైనచో మరియొక ముప్పు: బెదరిన చేతిలో అది తలంపనిదే పేలును.

పిస్తోలు సంగతి మరింత సున్నితము. గుండు వెడలిన వెంటనే స్లైడు వెనుకకు జరిగి ఖాళీ తొడుగును పారవేసి, ముందుకు వచ్చుచు క్రొత్త తూటాను లోనికి త్రోయవలెను. దాని స్ప్రింగు మిక్కిలి గట్టిదైన స్లైడు పూర్తిగా వెనుకకు పోదు. మిక్కిలి మెత్తనిదైన తూటాను నిండుగా త్రోయలేదు. కొలత తప్పిన మేగజైను ఒక్కటి చాలును, తూటా నడుమ ఇరుకుకొనుటకు. అంగడిలో త్రాసునకు ఒక తట్ట మార్చినచో ముల్లు సరిచూడక సరుకు తూచుదుమా? ఇదియు నట్టిదే. భాగములన్నియు ఒకదానికొకటి సరితూగునట్లు చేయబడినవి.

పందెములలో కాల్చువారు ఇట్టి మార్పులు చేసుకొందురు గదా యని కొందరందురు. నిజమే. కాని అచ్చట తూటా పేలకున్న పోవునవి మార్కులు మాత్రమే.

చట్టమును గూడ తలపవలెను. 1959 నాటి ఆయుధముల చట్టములో ఆయుధమనగా దాని భాగములును చేరియున్నవి. వాటిని అమ్మువానికి, మరమ్మతు వృత్తిగా చేయువానికి లైసెన్సు ఉండితీరవలెను. లేతుమిషనుపై చేయించినది, తెలియనిచోట కొన్నది మన లైసెన్సుకే చేటు తేగలదు.

మరి చేయవలసినదేమి? అరిగిన స్ప్రింగును మార్చవలసినదే. అయితే తయారీదారు భాగమునే, లైసెన్సు గల మరమ్మతుదారుచే వేయించవలెను. పిడి చెక్కలు మార్చిన పేలుటకు భంగము లేకున్నను, లావైనవి రివాల్వరులో ఖాళీ తొడుగులు జారిపడుటకు అడ్డు తగులవచ్చును. ఏ మార్పు చేసినను, మనము ఉపయోగించు తూటాలతోనే, అనుమతి గల కాల్పుల మైదానమున, చక్రములోని ప్రతి గదిని పలుమారులు పరీక్షింపవలెను. లైసెన్సులో తూటాల సంఖ్యకు పరిమితి కలదు గనుక, అంత పరీక్షకు చాలినన్ని తూటాలు లేనివారు మార్పు జోలికే పోరాదు. పరీక్షలో ఒక్కసారి తప్పినను పాత భాగమును తిరిగి వేయించవలెను. అందుకై దానిని పారవేయక భద్రపరచుకొనవలెను.

ఆయుధము ఎత్తవలసిన దినము రాకుండుగాక! వచ్చినచో అది మొదటి లాగుడుకే పలుకవలెను. రెండవ అవకాశమునిచ్చు దొంగ లేడు.