కాంటెస్సా ఇప్పటికీ కూలేనా?

‘టాక్సీవాలా’ సినిమా చూశారా? 2018 నవంబర్‌లో వచ్చింది. కథ మర్చిపోయి ఉంటారేమో గానీ కారును మాత్రం మర్చిపోయి ఉండరు. పొడుగాటి ముక్కు, చదునైన బానెట్, మంచం పట్టేంత డిక్కీ. పక్కన విజయ్ దేవరకొండ నిలబడినా చూపు కారు మీదికే పోతుంది. అదే హిందుస్థాన్ కాంటెస్సా. ఆ సినిమా వచ్చేనాటికి దాని తయారీ ఆగిపోయి పదహారేళ్లు.

ఇప్పుడు రీల్స్‌లో మళ్లీ కనిపిస్తోంది. నల్ల రంగు కొట్టిన పాత కాంటెస్సా, స్లో మోషన్‌లో తెరుచుకునే డోరు, వెనక గుండెలదిరే బీజీఎం. కింద కామెంట్లన్నీ నిప్పు ఎమోజీలే. పెట్టేవాళ్లలో చాలామంది అది రోడ్ల మీద తిరిగే రోజుల్లో పుట్టి కూడా ఉండరు. అందుకే అడుగుతున్నా: ఆ కారు నిజంగా కూలేనా, లేక మ్యూజిక్ మహిమా?

ముందు దాని పుట్టుక సంగతి. కాంటెస్సా అసలు మన కారు కాదు, బ్రిటిష్ కారు. వాక్స్‌హాల్ అనే కంపెనీ 1972లో తెచ్చిన విక్టర్ మోడలే దానికి మూలం. 1978లో అక్కడ దాని కథ ముగిసింది. ఆ అచ్చులనే హిందుస్థాన్ మోటార్స్ కొని తెచ్చుకుంది. 1984లో కోల్‌కతా పక్కన ఉత్తర్‌పారా ఫ్యాక్టరీ నుంచి ‘కాంటెస్సా’ పేరుతో బయటికి వదిలింది. తమాషా ఏంటంటే, ఇంగ్లండ్‌లో విక్టర్ అంటే పెళ్లాం పిల్లలతో సెలవులకు పోయే మధ్యతరగతి మనిషి కారు. సముద్రం దాటి మన దగ్గరికి వచ్చేసరికి బాస్ కారు అయిపోయింది.

మరి అక్కడి బాసులు ఏం నడిపేవాళ్లు? అప్పట్లో బ్రిటన్ కంపెనీలు మేనేజర్లకు కార్లు ఇచ్చేవి. ఏ కారు ఇచ్చారన్నదాన్ని బట్టి ఆఫీసులో ఎవరి స్థాయి ఏంటో తెలిసిపోయేది. రోవర్ ఎస్‌డీ1 అలాంటి ‘ఎగ్జిక్యూటివ్’ కారు. 1976లో వచ్చింది, మరుసటి ఏడాదికి యూరప్‌లో ‘కార్ ఆఫ్ ది ఇయర్’ అయింది, పోలీసులు కూడా హైవేల మీద వాడారు. అదీ మన దేశానికి వచ్చింది. 1985లో మద్రాసులోని స్టాండర్డ్ కంపెనీ దాన్ని ‘స్టాండర్డ్ 2000’గా తయారు చేసింది. కానీ ఒరిజినల్‌లో ఉన్న పెద్ద ఇంజన్ల బదులు, ఎప్పుడో పాత రోజుల నాటి రెండు లీటర్ల ఇంజన్ బిగించారు. బండి కొన్నేళ్లు కూడా నిలవలేదు. అంటే అక్కడి మామూలు కారు ఇక్కడ రాజా, అక్కడి రాజా ఇక్కడ ఫ్లాప్.

కాంటెస్సాకూ మొదట్లో అదే జబ్బు. అంత పెద్ద బాడీకి అంబాసిడర్‌లోని 1,489 సీసీ ఇంజనే పెట్టారు. బలం దాదాపు 50 హార్స్‌పవర్. ఏనుగుకు మేక కాళ్లు అతికించినట్టు. తర్వాత జపాన్ ఇసుజు 1.8 లీటర్ ఇంజన్, ఐదు గేర్లు వచ్చి ‘కాంటెస్సా క్లాసిక్’ అయ్యాకే అది పరుగెత్తడం నేర్చుకుంది. ఈ రోజు ఎవరైనా ‘కాంటెస్సా పికప్ చూడాలి బ్రో’ అంటే, ఏ ఇంజన్ బండి అని ముందు అడగండి.

మా పరకాల సంగతి చెప్తా. నా చిన్నప్పుడు కారును చూస్తే లోపల ఎవరున్నారో ఇట్టే చెప్పేసేవాళ్లం. తెల్ల అంబాసిడర్ అంటే ఎమ్మెల్యే, లేదా వరంగల్ నుంచి వచ్చిన పెద్ద ఆఫీసరు. జీపు అంటే పోలీసు, లేకుంటే ఎమ్మార్వో. మారుతి 800 అంటే డాక్టరు. కాంటెస్సా వచ్చి బస్టాండు దగ్గర ఆగితే మాత్రం ఎవరో తెలిసేది కాదు. అద్దాలు ఎత్తి ఉండేవి, అంటే ఏసీ. వెనక సీట్లో ఒకే మనిషి. పత్తి సేటు అని ఒకరు, సినిమావాళ్లని ఒకరు, హైదరాబాద్ కాంట్రాక్టరని ఇంకొకరు. అది వెళ్లిపోయాక కూడా టీ కొట్టు దగ్గర అరగంట పంచాయితీ నడిచేది.

దాని కూల్‌నెస్‌లో సగం ఈ ‘ఎవరో తెలియకపోవడమే’ అని నా లెక్క. మిగతా సగం కరువు. కొనాలంటే దేశంలో నాలుగైదు రకాల కార్లు. డబ్బులున్నా క్యూలో నిలబడాలి. అలాంటి ఊళ్లో ఏ పొడుగు కారైనా దేవుడి రథమే. 1991 తర్వాత తలుపులు తెరుచుకున్నాయి. సియెలో వచ్చింది, ఓపెల్ ఆస్ట్రా వచ్చింది. చివరికి హిందుస్థాన్ మోటార్సే 1998లో మిత్సుబిషి లాన్సర్ తయారు చేయడం మొదలుపెట్టింది. సొంత ఇంట్లోనే సవతి వచ్చాక కాంటెస్సాకు ఏం మిగులుతుంది? 2002లో ఆపేశారు.

అంబాసిడర్ కూడా బ్రిటిష్ మోరిస్ ఆక్స్‌ఫర్డే కదా, అది కూల్ కాదా అంటారేమో. నా వరకు కాదు. అది తాతయ్య. తాతయ్య మీద ప్రేమ ఉంటుంది, గౌరవం ఉంటుంది. 2013లో ‘టాప్ గేర్’ వాళ్లు ప్రపంచంలోనే బెస్ట్ టాక్సీ అంటే మనమూ పొంగిపోయాం. మరుసటి ఏడాదే ఫ్యాక్టరీ ఆగిపోయింది. కానీ తాతయ్య ఎంత మంచివాడైనా, ఆయన చొక్కా వేసుకుని కాలేజీకి పోము కదా. కాంటెస్సా వేరు. అది దుబాయ్ నుంచి వచ్చే మేనమామ లాంటిది.

ఇదంతా ఇప్పుడు ఎందుకు తవ్వుతున్నానంటే, మా అక్క కొడుకు. హన్మకొండలో మొబైల్ షాపులో మూడేళ్లు పనిచేసి కొంత డబ్బు కూడబెట్టాడు. అక్కేమో ఆ డబ్బుతో ఇంటి మీద ఒక గది వేయించాలని చూస్తోంది. వాడు మొన్న ఫోన్ చేశాడు.

“మామా, కాంటెస్సా ఒకటి ఉంది. రెండు లక్షల నలభై అంటున్నడు. తీసుకుందామా?”

“నడుస్తదా?”

“స్టార్ట్ అయితది.”

“నేను అడిగింది నడుస్తదా అని.”

“మామా, అది కాంటెస్సా!”

వాడి ప్లాన్ పెళ్లి బరాత్‌లకు, ప్రీ వెడ్డింగ్ షూట్లకు కిరాయికి ఇవ్వడం. వినడానికి బాగుంది. కానీ తెల్ల నంబర్ ప్లేటు బండిని కిరాయికి తిప్పడానికి చట్టం ఒప్పుకోదు. ఏదైనా జరిగితే బీమా కంపెనీ మొదట పట్టుకునేది అక్కడే. పదిహేనేళ్లు దాటిన కారు కాబట్టి ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించుకోవాలి. 600 ఉన్న ఆ ఫీజు 2022 ఏప్రిల్‌లోనే 5,000 అయింది. గ్రీన్ ట్యాక్స్ వేరే. ‘వింటేజ్’ కింద పెట్టేద్దాం అంటాడు వాడు. 2021లో వచ్చిన ఆ రూల్ ప్రకారం బండికి యాభై ఏళ్లు నిండాలి. మొట్టమొదటి కాంటెస్సాకే 2034 దాకా ఆ యోగం లేదు. పైగా వింటేజ్ బండిని వ్యాపారానికి వాడకూడదు.

ఇక పెట్రోల్. అమ్మేవాడే లీటరుకు ఎనిమిది ఇస్తుందన్నాడట. అమ్మేవాడు ఎనిమిది అన్నాడంటే మీరే లెక్క కట్టుకోండి. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఆ కాలపు రబ్బరు పైపులు, గ్యాస్కెట్లు దాన్ని తట్టుకోలేవు, మార్చాల్సిందే. ఎయిర్‌బ్యాగ్ అనే మాటే లేదు. పరకాల నుంచి భూపాలపల్లి వైపు ఒక్కసారి పోయి చూడండి, ఎదురుగా వచ్చే బొగ్గు లారీలు ఎలా ఉంటాయో. ఆ రోడ్డు మీద నాకు స్లో మోషన్ వద్దు, మంచి బ్రేకులు కావాలి.

అయినా నిజం చెప్పాలి. వాడు పంపిన ఫొటో చూసినప్పుడు నా వేలు కూడా స్క్రీన్ మీద రెండుసార్లు జూమ్ చేసింది. ఆ గీతలు ఇప్పటి కార్లలో లేవు. ఇప్పుడు వచ్చే ఎస్‌యూవీలన్నీ ఒకే జిమ్‌లో కండలు పెంచినట్టుంటాయి, లోగో తీసేస్తే దేనిదేదో తేల్చుకోలేం. కాంటెస్సాను అర కిలోమీటరు దూరం నుంచే గుర్తుపడతాం. నిలబెట్టి ఉంటే ఇప్పటికీ కూలే. రోజూ తిప్పాలంటే మాత్రం దానికి వేరే జీతం, వేరే ఓపిక కావాలి. కాలేజీ అయిపోయి మూడేళ్లయిన పిల్లాడి దగ్గర ఆ రెండూ ఉండవు.

వద్దు అంటే వాడు వినడు, ఆ వయసులో నేనూ వినేవాణ్ని కాదు. అందుకే నాలుగు పనులు చెప్పాను. తెలిసిన మెకానిక్‌ను తీసుకుపోయి లోపలి మ్యాట్లు ఎత్తి కింద రేకు చూడు. ఆర్‌సీలో ఉన్న ఛాసిస్ నంబరు, బండి మీద ఉన్న నంబరు ఒకటేనా చూడు. హన్మకొండ దాకా ఏసీ వేసుకుని పోయి రా. చివరగా, మీ అమ్మకు నువ్వే చెప్పు.

రేకు చూశాడు. వెనక సీటు కింద తుప్పు పట్టి చెయ్యి దూరేంత బొక్క ఉంది, మెకానిక్ ముప్పై వేలు అన్నాడు. నంబర్లు కలిశాయి. హన్మకొండ పోయి వచ్చాడు, ఏసీ దామెర దాటకముందే చేతులెత్తేసిందట. నాలుగో పని మాత్రం రెండు వారాలుగా ‘రేపు చెప్తా మామా’ దగ్గరే ఆగి ఉంది.