మేడమీది వాటా

మా ఏలూరు ఇంటి మేడమీద ఒక వాటా ఉంది. రెండు గదులు, వంటిల్లు, ముందు రేకుల పంచ. తాడేపల్లిగూడెం నిట్‌లో చదివిన ఒక కుర్రాడు భార్యతో అందులో అద్దెకు దిగాడు. ఉద్యోగం చెయ్యడట, చేపల చెరువుల కోసం ఏదో పరికరం తయారుచేస్తాడట. ‘అద్దె సరిగ్గా ఇస్తాడా?’ అన్నదే మావారి మొదటి ప్రశ్న. నిజం చెప్పాలంటే నాదీ అదే.

పరికరం సంగతి ఆ అమ్మాయి చెప్పింది. పగలు ఎండకి చెరువు నీళ్లలో ఆక్సిజన్ నింపే నాచే, చీకటి పడ్డాక దాన్ని పీల్చేసుకుంటుందట. మబ్బు పట్టిన రోజుల్లో మరీ ప్రమాదం. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరిచాయంటే రైతు గుండె జారిపోయినట్టే. అందుకే కొల్లేరు చుట్టుపక్కల గట్లమీద ఆ నిద్రలేని కాపలాలు. ఆక్సిజన్ తగ్గగానే ఫోన్ మోగితే రైతు లేచి ఏరేటర్లు వేసుకుంటాడు. అలాంటివి బజార్లో లేవా అంటే ఉన్నాయి, చిన్న రైతుకు అందే ధరలో ఉండాలిగా! మూడుసార్లు చేశాడు. మూడుసార్లూ నీళ్లలో ఉండే ముక్కకి నాచు పట్టి లెక్క తప్పింది. పంచంతా వైర్లు, బకెట్లలో చెరువు నీళ్లు. ఆ కంపుకి నేను విసుక్కున్న రోజులూ ఉన్నాయి.

ఆమె ట్యూషన్ల డబ్బుతోనే అద్దే, సరుకులూ. నాలుగోసారి మొదలుపెట్టేసరికి మేము అద్దె రెండువేలు పెంచాం. వీధిలో అందరూ పెంచారు మరి. మేడ అప్పు మాకూ ఉంది. రెండు నెలలు ఇచ్చారు. మూడో నెలలో అతను హైదరాబాదులో ఉద్యోగానికి వెళ్లిపోయాడు. బకెట్లు ఇక్కడే వదిలేశారు.

కొత్తది కనిపెట్టాలంటే తెలివి కావాలంటాం, పెట్టుబడి కావాలంటాం. నాలుగుసార్లు చెడగొట్టుకోడానికి ఒక చవక గది కావాలని ఎవరం అనుకోం. 1938లో అమెరికాలోని పాలో ఆల్టోలో ప్యాకార్డ్ దంపతులు నెలకి 45 డాలర్లకి ఒక వాటా అద్దెకు తీసుకుంటే, ఆ ఇంటి కారు షెడ్డులో ఆయనా, స్నేహితుడు హ్యూలెట్టూ పని మొదలుపెట్టారు. మరుసటేడు అది కంపెనీ అయింది. ఇవాళ ఆ ఊళ్లో ఇల్లంటే మామూలువాళ్లకి అందని మాట. నలుగురు తెలివైనవాళ్లు కలిసేది నగరాల్లోనే, కొత్తవి పుట్టేదీ అక్కడే అంటారు. ఒప్పుకుంటాను. కానీ జీతం లేకుండా ఆరు నెలలు అద్దె కట్టుకోగలవాడే అక్కడ ప్రయత్నించగలడంటే, ఆ ప్రయత్నాలు తండ్రి ఆస్తి ఉన్న పిల్లలవే అవుతాయి. ఆడపిల్లల సంగతి సరేసరి.

ఇంటివాళ్లంతా అద్దెలు తగ్గించండి అని నేననను, ఆ మాట మా ఇంట్లోనే చెల్లదు. మా కార్పొరేషనో, గూడెం మున్సిపాలిటీయో తమ షాపు గదుల్లో ఓ నాలుగింటిని ఇలాంటివాళ్లకి రెండేళ్లపాటు నామమాత్రపు అద్దెకి ఇవ్వచ్చుగా? ఈ మాటే రాసి ఉత్తరం వేస్తున్నానంటే మావారు నవ్వారు. ‘ముందు నీ వాటా అద్దెంత అని అడుగుతారేమో, చూసుకో’ అని.